పార్కిన్సన్స్ నడకకు సెన్సార్ బూట్లు, చెవిలో శబ్దం: కొనాలా, వద్దా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. నాన్నగారికి 69 ఏళ్ళు, పార్కిన్సన్స్ బయటపడి ఆరేళ్ళు. అడుగులు బాగా చిన్నవైపోయాయి, గడప దగ్గరా బాత్రూమ్ తలుపు దగ్గరా మంచం పక్కన తిరిగేటప్పుడూ కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతున్నాయి. బూట్లలో సెన్సార్లు పెట్టి, అడుగు పడే తీరును బట్టి చెవిలో శబ్దం వినిపించే పరికరం వీడియో ఒకటి చూశారు. ధర లక్ష దాటింది. కొనచ్చా, లేక ఫోన్‌లో ఒకే లయలో టక్ టక్ కొట్టే మెట్రోనోమ్ యాప్ చాలా అని అడుగుతున్నారు.

సూటిగా చెప్పాలంటే ఇప్పుడే కొనకండి. శబ్దంతో పార్కిన్సన్స్ నడక బాగుపడటం నిజమే, అందులో మోసమేమీ లేదు. కానీ మీ నాన్నగారికి అది పనిచేస్తుందా లేదా అన్నది రెండు మూడు వారాల్లో పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే తేలిపోతుంది. అది తేలాక సెన్సార్ కావాలనిపించినా బూట్ల రకం మాత్రం వద్దంటాను. మీరు రాసిన లక్షణాలే దానికి కారణం, కింద చెప్తాను.

నేను హైదరాబాద్‌లో న్యూరో ఫిజియోథెరపీ చేస్తాను, నా దగ్గరకు వచ్చేవాళ్ళలో పార్కిన్సన్స్ వాళ్ళే ఎక్కువ. మందుల సంగతి నాది కాదు, అది మీ న్యూరాలజిస్టు చూసుకుంటారు. నడక గురించి మాత్రం చెప్పగలను.

ముందు ఈ జబ్బు నడకను ఎక్కడ పాడుచేస్తుందో తెలియాలి, లేకపోతే ఏ పరికరం మంచిదో తేల్చుకోలేరు. చూసేవాళ్ళకి 'నెమ్మదిగా నడుస్తున్నారు' అనిపిస్తుంది కాబట్టి ఇంట్లో అందరూ త్వరగా నడవమంటారు. అసలు పోయింది వేగం కాదు, అడుగు పొడవు. 1990లలో ఆస్ట్రేలియాలో మోరిస్, ఇయాన్సెక్ బృందం దీన్ని ఓపిగ్గా కొలిచి చూపించింది. నిమిషానికి వేసే అడుగుల లెక్క చాలామందిలో మామూలుగానే ఉంటుంది, కొందరిలో ఎక్కువే ఉంటుంది, తగ్గేది అంగ. మనిషి ఆ లోటు పూడ్చుకోవడానికి చిన్న చిన్న అడుగులు గబగబా వేస్తాడు, ఒళ్ళు ముందుకు వంగుతుంది, ఒక దశలో తనను తాను ఆపుకోలేక పరుగులాంటి నడకలో పడిపోతాడు. అంచేత ఏ శబ్దమైనా 'త్వరగా' అని చెప్తే ముప్పే, 'పెద్దగా' అని చెప్తేనే లాభం. మీరు చూసిన వీడియోతో నాకున్న పేచీ సగం ఇదే. అందులో పేషెంటు చకచకా నడిచేస్తున్నాడని సంబరపడ్డారు గానీ అడుగు ఎంత పడుతోందో ఎక్కడా చూపించలేదు.

శబ్దం ఎందుకు పనిచేస్తుందంటే, నడక మనకి అలవాటైన పని కాబట్టి ఆలోచించకుండా నడుస్తాం. ఆ ఆలోచించకుండా జరిగే భాగాన్ని మెదడు లోతులో ఉండే బేసల్ గాంగ్లియా నడిపిస్తుంది, పార్కిన్సన్స్‌లో డోపమైన్ అనే రసాయనం తగ్గి దెబ్బతినేది అక్కడే. తర్వాతి అడుగు ఎప్పుడు, ఎంత అన్న సూచన లోపలి నుంచి సరిగా రాదు. బయటి నుంచి సూచన అందితే మెదడు ఇంకో దారిలో, చిన్నమెదడు మీదుగా, ఆ పని చేసుకుంటుందని అనుకుంటున్నారు. నేల మీద అడ్డ గీతలు గీస్తే ఆగిపోయిన మనిషి వాటిని దాటుకుంటూ నడిచేస్తాడని పర్డన్ మార్టిన్ అనే ఇంగ్లండు డాక్టరు 1967లోనే రాశారు. ఆ గీతల బదులు లయగా మోగే తాళం వినిపించి చూసింది అమెరికాలో థౌట్ బృందం, 1996లో. మూడు వారాలు ఇంటి దగ్గర రోజూ తాళానికి నడిపిస్తే నడక వేగం దాదాపు 25 శాతం పెరిగింది, అడుగు పొడవు కూడా పెరిగింది. తర్వాత 2007లో యూరప్‌లో రెస్క్యూ అనే పెద్ద పరిశోధన వచ్చింది, 153 మందితో, ఫిజియోలు ఇళ్ళకి వెళ్ళి చేయించారు. అందులో శబ్దం, మణికట్టు మీద కంపనం, కళ్ళజోడుకి మెరిసే లైటు మూడూ చూపించి నచ్చింది తీసుకోమన్నారు. నడక మెరుగైంది, ఫ్రీజింగ్, అంటే కాళ్ళు అతుక్కుపోయినట్టు ఆగిపోవడం, కొంచెం తగ్గింది. మెరుగు పెద్దదేమీ కాదు, కొన్ని శాతాలే. పైగా సాధన ఆపేసిన ఆరు వారాలకి చాలావరకు జారిపోయింది. ఈ చివరి మాట పరికరాలు అమ్మేవాళ్ళు ఎవరూ చెప్పరు.

ఇక సెన్సార్ దగ్గరకి వద్దాం. మెట్రోనోమ్‌కి మీ నాన్నగారు నడుస్తున్నారో కూర్చున్నారో తెలీదు, తన పాటికి తాను కొడుతూ ఉంటుంది. పాదం దానిని అనుసరించాలి. సెన్సార్ పెడితే ఈ వరస తిరగబడుతుంది, పాదం ఏం చేస్తోందో చూసి దాన్ని బట్టి శబ్దం వస్తుంది. పాదానికో చీలమండకో అగ్గిపెట్టె అంత డబ్బీ కడతారు, అందులో కదలిక వేగం మారడాన్ని కొలిచేది ఒకటి, తిరగడాన్ని కొలిచేది ఒకటి ఉంటాయి, మన ఫోన్లలో ఉండేవే. ఆ లెక్కల నుంచి అడుగు పొడవు తీయాలంటే చిన్న చిన్న తప్పులు కుప్పపడి కాసేపటికి లెక్కంతా పనికిరాకుండా పోతుంది. కాకపోతే నడకలో ప్రతి అడుగుకీ పాదం ఒక్క క్షణం నేల మీద కదలకుండా ఆనుతుంది కదా, ఆ క్షణంలో వేగం సున్నా అని సెన్సార్‌కి తెలుసు, అక్కడ తప్పుని తుడిచేసి మళ్ళీ మొదలుపెడుతుంది. అందుకే పాదం దగ్గర కట్టిన సెన్సార్ అడుగు పొడవును బాగానే చెప్తుంది, చొక్కా జేబులో పెట్టిన ఫోన్ అడుగులు లెక్కపెట్టగలదు గానీ పొడవు చెప్పమంటే ఉజ్జాయింపే.

ఈ సమాచారంతో శబ్దాన్ని రకరకాలుగా వాడతారు. నడక బాగున్నంతసేపు ఊరుకుని, తగ్గినప్పుడే తాళం మొదలుపెట్టడం ఒకటి. అడుగు పొడవు తగ్గితే 'పెద్ద అడుగు' అని మాటలో చెప్పడం ఇంకొకటి. బెల్ఫాస్ట్‌లో కొందరు కంకర మీద నడిచే చప్పుడు వినిపించి చూశారు, మామూలు టిక్ టిక్ కన్నా ఒక అడుగు ఎంతసేపు, ఎంత బరువుగా పడిందో ఆ చప్పుడులోనే ఉంటుందని వాళ్ళ ఆలోచన. నాకు బాగా నచ్చింది గానీ బజారులో దొరికే పరికరాల్లో ఎక్కువగా వచ్చేది బీప్ శబ్దమే.

ఊరుకోవడం వచ్చిన శబ్దమే సెన్సార్ ఇచ్చే అసలు లాభం. గోడ గడియారం టిక్ టిక్ కాసేపటికి చెవికి వినపడనట్టే, ఎడతెగని తాళానికి మెదడు అలవాటుపడిపోతుంది. అవసరమైనప్పుడే వచ్చే శబ్దానికి ఆ ఇబ్బంది తక్కువ. ఇంకో మంచి, అడుగు పెద్దదైనప్పుడు మెచ్చుకుంటూ శబ్దం వస్తే మనిషి తన పాదాన్ని తాను గమనించడం నేర్చుకుంటాడు.

అంతమాత్రాన సెన్సార్ పక్కన మనిషి అక్కర్లేదనుకోకండి. క్యుపిడ్ అని యూరప్ ప్రాజెక్టు ఒకటి ఉంది, బెల్జియంలోని లూవెన్, ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ వాళ్ళు చేశారు, ఫలితాలు 2016లో వచ్చాయి. 40 మంది, ఆరు వారాలు. సగం మందికి ఫోన్, బూట్ల మీద సెన్సార్లు, నడుస్తుంటే చెవిలో సూచనలు. మిగతా సగానికి ఫిజియో చెప్పే నడక సలహాలు, సాధన. నడక వేగం రెండు వైపులా పెరిగింది, ఈ విషయంలో సెన్సార్ గెలవలేదు. బ్యాలెన్స్‌లో మాత్రం సెన్సార్ వాళ్ళు ముందున్నారు. ఇంటికి వచ్చే ఫిజియో దొరకని చిన్న ఊళ్ళలో ఉన్నవాళ్ళకి ఇది మంచి కబురే. మీరు విజయవాడలో ఉన్నారు కాబట్టి మనిషి దొరకడం అంత కష్టం కాదు.

మీ నాన్నగారి విషయంలో అసలు చిక్కు ఫ్రీజింగ్. ఆగిపోయినప్పుడు సెన్సార్ దానంతట అదే కనిపెట్టి శబ్దం ఇస్తుందని వీడియోలో చెప్పారని రాశారు. అది చేస్తుంది, కొంతవరకు. ఆగిపోయినప్పుడు మోకాళ్ళు సన్నగా వణుకుతాయి చూడండి, ఆ వణుకు సెకనుకు 3 నుంచి 8 సార్లు ఉంటుంది, మామూలు నడక కదలిక అంతకన్నా చాలా నెమ్మది. ఈ రెండింటి నిష్పత్తి చూసి సెన్సార్ 'ఆగిపోయాడు' అని తేలుస్తుంది. 2010లో జూరిక్, టెల్ అవీవ్ వాళ్ళు 10 మంది మీద చేసిన ప్రయోగంలో ఈ పద్ధతి నూటికి 73 ఫ్రీజింగులను పట్టుకుంది. అంటే నాలుగింటిలో ఒకటి జారిపోయినట్టు. పట్టుకున్నవాటిలోనూ రెండు సెకన్ల దాకా ఆలస్యం ఉంటుంది, ఎందుకంటే వణుకు కాస్త సాగితే గానీ లెక్క తేలదు. గడప దగ్గర ఒళ్ళు ముందుకి వెళ్ళి కాళ్ళు వెనక ఉండిపోయినప్పుడు పడిపోవడానికి ఆ రెండు సెకన్లు చాలు. ఇక అసలు వణుకే లేకుండా శిలలా ఆగిపోయేవాళ్ళు కొందరుంటారు, వాళ్ళను ఈ లెక్క పట్టుకోలేదు. తర్వాత తర్వాత పద్ధతులు మెరుగైన మాట నిజమే గానీ 'పడకుండా కాపాడుతుంది' అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇప్పుడు బూట్లు వద్దన్న కారణం. మనం ఇంట్లో బూట్లు వేసుకోం! మీ నాన్నగారు ఆగిపోయేది ఎక్కడెక్కడో మీరే రాశారు. గడప, బాత్రూమ్ తలుపు, మంచం పక్కన తిరిగేటప్పుడు. ఈ మూడు చోట్లా ఆయన కాళ్ళకి ఏమీ ఉండదు, మహా అయితే స్లిప్పర్లు. విదేశాల్లో ఇంట్లోనూ బూట్లతో తిరిగేవాళ్ళను చూసి చేసిన పరికరం మన ఇంట్లో చెప్పుల స్టాండు దగ్గర పడి ఉంటుంది. నా దగ్గరకు వచ్చే ఒక పెద్దాయన కొడుకు అమెరికా నుంచి ఇలాంటిదే పంపాడు, పొద్దున పార్కుకి వెళ్ళినప్పుడు అద్భుతంగా నడిచేవారు, పార్కులో ఆయన అంతకుముందూ బాగానే నడిచేవారు. రాత్రి రెండింటికి బాత్రూమ్‌కి వెళ్ళేటప్పుడు పడ్డారు. అందుకే కొంటే చీలమండకు పట్టీతో కట్టుకునేది, ఉత్తకాళ్ళతో పనిచేసేది చూడమంటాను. దాన్నైనా రాత్రి నిద్రలో కట్టుకుని పడుకోరు కదా, రాత్రికి వేరే ఏర్పాటు ఉండాల్సిందే. బాత్రూమ్ దాకా నేల మీద ఒక్కో మూరకి ఒక అడ్డ గీత చొప్పున రంగు టేపు అతికించండి, చిన్న లైటు వెలుగుతూ ఉంచండి. ఇరవై రూపాయల టేపు రాత్రిపూట ఏ సెన్సార్ కన్నా నయం.

సరే, మెట్రోనోమ్‌తో పరీక్ష ఎలా చేయాలంటే:

మాత్ర వేసుకుని బాగా కదలగలుగుతున్న టైమ్‌లో, అంటే ఆన్ టైమ్‌లో, చేయండి. మీ అపార్ట్‌మెంట్ కారిడార్‌లో 10 మీటర్లు కొలిచి సుద్దతో గీతలు పెట్టండి. టైల్స్ 60 సెంటీమీటర్లవైతే 17 టైల్స్ లెక్కపెడితే సరిపోతుంది. మీరు పక్కనే ఉండి, ఆయనకి కొలుస్తున్నట్టు చెప్పకుండా, మామూలుగా నడవమనండి. కొలుస్తున్నామని తెలిస్తే ఆయన జాగ్రత్తపడి బాగా నడిచేస్తారు, డాక్టరు ముందు అందరూ బాగా నడిచేది అందుకే. ఎన్ని అడుగులు, ఎన్ని సెకన్లు అన్నది ఫోన్‌లో వీడియో తీసుకుని తర్వాత తీరిగ్గా చూసుకోండి. ఉదాహరణకి 10 మీటర్లకి 25 అడుగులు, 15 సెకన్లు పట్టాయనుకోండి, అడుగు 40 సెంటీమీటర్లు, నిమిషానికి 100 అడుగులు. ఆ వయసు ఆరోగ్యవంతుడి అడుగు సుమారుగా 60 నుంచి 70 సెంటీమీటర్లు ఉంటుంది, కాబట్టి లోటు ఎక్కడుందో మీకే కనపడుతుంది.

ఇప్పుడు మెట్రోనోమ్ ఎంత మీద పెట్టాలి? యూట్యూబ్‌లో అందరూ 'సొంత వేగం కన్నా 10 శాతం ఎక్కువ' అంటారు. అది గాలిలోంచి పుట్టింది కాదు, 110 శాతం మీద పెడితే అడుగుల్లో తడబాటు తగ్గిందని 2007లో హౌస్‌డార్ఫ్ వాళ్ళు చూపించారు. కానీ అది ఫ్రీజింగ్ లేనివాళ్ళకి సరిపోయే సలహా. ఫ్రీజింగ్ ఉన్నవాళ్ళకి తాళం పెంచితే అడుగు ఇంకా కుంచించుకుపోతుంది. 2006లో బెల్జియంలో విల్లెమ్స్ బృందం ఈ రెండు రకాలవాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూసి, ఫ్రీజింగ్ ఉన్నవాళ్ళకి 10 శాతం తగ్గించడమే మంచిదని చెప్పింది. కాబట్టి మీ నాన్నగారికి 100 వస్తే 90 మీద పెట్టండి. నెమ్మదిగా కొట్టే తాళానికి అదే వేగంతో నడవాలంటే అడుగు తప్పనిసరిగా పెద్దది వేయాలి, మనకి కావలసిందీ అదే. 'టక్ అన్నప్పుడల్లా మడమ ముందు ఆనించండి, పెద్ద అడుగు వేయండి' అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. నడుస్తున్నంతసేపూ పక్కనుంచి చెప్తూ ఉంటే ఆయన మీ మాట వినాలా, తాళం వినాలా?

మళ్ళీ 10 మీటర్లు కొలవండి. 25 అడుగులు 21కో 20కో తగ్గితే శబ్దం ఆయనకి పనిచేస్తోందన్నమాట. రోజూ 20 నుంచి 30 నిమిషాలు, మధ్యలో కూర్చుంటూ, వారానికి అయిదారు రోజులు చేయించండి. చివర్లో కాసేపు తాళం ఆపేసి అదే అడుగు నిలుస్తుందేమో చూడండి. అడుగుల లెక్క మారకపోయినా, పెరిగినా, లేదా తాళం మొదలవగానే ఆయన కంగారుపడి ఆగిపోతున్నా శబ్దం ఆయనకి సరిపడదు. అలాంటివాళ్ళు ఉంటారు. ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరుగారు నా దగ్గర ఎంత తాళం పెట్టినా పట్టించుకునేవారు కాదు, చూస్తే ఎడమ చెవి సరిగా వినపడదు, కుడి చెవిలో మిషను. మణికట్టుకి కంపించే వాచీ లాంటిది పెడితే వెంటనే అందుకున్నారు. అందుకే ముందు చెవులు పరీక్ష చేయించండి, ఈ వయసులో అది ఎవరూ గుర్తుపెట్టుకోరు.

తాళం బదులు పాటలు పెట్టచ్చా అని కింద ఇంకొకరు అడిగారు. పెట్టచ్చు, చాలామందికి టిక్ టిక్ కన్నా పాటే ఇష్టం, ఎక్కువ రోజులు చేస్తారు. కాకపోతే లయ మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండే పాట కావాలి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకి ఇష్టమని భజనలు పెడతారు, భజన ముగింపుకొచ్చేసరికి తాళం రెట్టింపవుతుంది, దానితోపాటు పాదాలూ పరుగెత్తుతాయి, మనిషి ముందుకు తూలుతాడు. ఆ ముగింపు కత్తిరించి పెట్టండి, లేదా వేరే పాట చూసుకోండి.

గడప దగ్గర ఆగిపోయినప్పుడు ఏం చేయాలో విడిగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ నడక తాళం ఒక్కటే సరిపోదు. నేను చూసేది ఇలా ఉంటుంది: పెద్దమనిషి గడప ముందుకి వచ్చారు, ఫోన్‌లో తాళం మోగుతూనే ఉంది, మడమలు పైకి లేచి వేళ్ళ మీద వణుకుతున్నారు, నడుము ముందుకి పోతోంది, వెనక నుంచి భార్య 'వెయ్యండీ, వెయ్యండీ' అంటోంది, కోడలు చెయ్యి పట్టి లాగుతోంది. తాళం అక్కడ ఇంకో టెన్షన్ మాత్రమే. ఏం చేయాలంటే ముందు అందరూ మాట ఆపాలి, లాగకూడదు. ఆయన పూర్తిగా ఆగాలి, మడమలు నేలకి ఆనించాలి, నిటారుగా నిలబడాలి. తర్వాత బరువంతా ఎడమ కాలి మీదకి, మళ్ళీ కుడి కాలి మీదకి, ఒకటీ, రెండూ అని తనే పైకి అనుకుంటూ ఊగాలి. మూడోసారికి బరువు లేని కాలు గడప దాటి అవతల పెద్దగా వేయాలి. తాళం ఈ ఊగడానికి పనికొస్తుంది, అడుగుకి కాదు. రోజుకి కొన్నిసార్లు, ఆగిపోకపోయినా, కావాలని గడప దగ్గరకి తీసుకెళ్ళి ఇదే సాధన చేయించండి, ఆగిపోయినప్పుడు కొత్తగా నేర్పడం కుదరదు. తిరిగేటప్పుడు ఉన్నచోటే గిర్రున తిరగొద్దనీ, అర్ధచంద్రాకారంలో చుట్టి తిరగమనీ చెప్పండి. ఫ్రీజింగ్‌కి మలుపును మించిన చోటు లేదు.

మందుల సంగతి ఒక్క మాట. ఆగిపోవడం మాత్ర ప్రభావం తగ్గిన టైమ్‌లోనే వస్తోందా, బాగా పనిచేస్తున్నప్పుడు కూడానా అన్నది ఒక వారం రాసిపెట్టి న్యూరాలజిస్టుకి చూపించండి. మాత్ర తగ్గినప్పుడే అయితే మందు టైములు మార్చడంతోనే చాలా మారచ్చు, అప్పుడు పరికరం ఖర్చే ఉండకపోవచ్చు. పార్కిన్సన్స్‌కి వాడే లెవోడోపా మాత్రని పప్పు, పెరుగు, గుడ్డు లాంటి మాంసకృత్తులున్న భోజనంతో కలిపి వేసుకుంటే కొందరికి సరిగా ఎక్కదు, ఆ విషయం కూడా అడగండి. లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతుంటే బీపీ చూపించాకే నడక సాధన.

ఇంకో రెండు జాగ్రత్తలు. రోడ్డు మీద రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడవనివ్వకండి, వెనక నుంచి వచ్చే బండి హారన్ వినపడాలి. చెవి మూయని రకం, లేదా చొక్కాకి తగిలించుకునే చిన్న స్పీకరు చాలు. రెండోది, మతిమరుపు ఎక్కువగా ఉన్నా, ఒకేసారి రెండు పనులు చేయలేకపోతున్నా శబ్దం మేలు కన్నా గందరగోళమే ఎక్కువ చేస్తుంది. ఆయన్ని నడుస్తూ ఇంటి పేర్లో ఊరి పేర్లో చెప్పమనండి, అడుగులు ఆగిపోతుంటే సెన్సార్ శబ్దం కూడా అంతే బరువు అవుతుంది.

ఇవన్నీ చేసి, తాళం పనిచేస్తోందని తేలి, సాధన కూడా కొనసాగుతుంటే అప్పుడు సెన్సార్ గురించి ఆలోచించండి. అమ్మేవాళ్ళని నేనైతే ఇవి అడుగుతాను. అది అడుగు పొడవు కొలుస్తుందా, అడుగుల లెక్కే కొలుస్తుందా? లెక్కే అయితే మీ చేతి వాచీ ఆ పని చేస్తుంది. తాళాన్ని సొంత వేగం కన్నా కిందకి దించుకోవచ్చా? మాటలో సూచన తెలుగులో పెట్టుకోవచ్చా, కనీసం మీ గొంతు రికార్డు చేసుకోవచ్చా? ఇంగ్లీషులో వచ్చే ఆడగొంతును నా పేషెంట్లు రెండో రోజే ఆపించేస్తారు. తప్పడుగుకి గుర్రుమనే శబ్దం వస్తుందా, మంచి అడుగుకి ఇంపైన శబ్దం వస్తుందా? మొదటి రకమైతే వద్దే వద్దు. ఒక రిటైర్డ్ టీచరమ్మగారు అలాంటిదే పెట్టుకుని, ప్రతి తప్పడుగుకీ బజర్ మోగుతుంటే బిగుసుకుపోయి ఇంకా చిన్న అడుగులు వేశారు. అదే యాప్‌లో సెట్టింగ్ తిప్పి అడుగు పెద్దదైనప్పుడే గంట మోగేలా పెడితే, గంట కోసం నడిచారు.

శబ్దం ఎంత ఆలస్యంగా వస్తుందో కూడా చూడండి. నిమిషానికి 100 అడుగులంటే ఒక్కో అడుగుకి 0.6 సెకను. మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం 0.2 సెకను దాకా ఆలస్యం కావచ్చు, అంటే అడుగులో మూడో వంతు గడిచాక వస్తుంది. తాళానికైతే ఇబ్బంది లేదు, పాదం ఆనగానే రావాల్సిన శబ్దానికి మాత్రం అంత ఆలస్యం పనికిరాదు. షాపులోనే పెట్టుకుని, ఆయనచేత నాలుగడుగులు వేయించి, పాదం ఆనడానికీ శబ్దానికీ మధ్య ఎడం మీ చెవికి తెలుస్తోందేమో చూడండి. పట్టీ ఆయనంతట ఆయన కట్టుకోగలరా అన్నదీ అక్కడే తేల్చుకోండి, వణికే వేళ్ళతో సన్నటి బకిల్ పెట్టడం కుదరదు, అతుక్కునే పట్టీ కావాలి. రోజూ కట్టేది అమ్మగారే అయితే ఆమె వంగగలరా అన్నది కూడా లెక్కలోకి తీసుకోండి.

ఇంట్లో పెట్టుకుని చూడటానికి కనీసం రెండు వారాలు ఇస్తారా, నచ్చకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా అన్నది బిల్లు మీద రాయించుకోండి. 'ఇవ్వం' అంటే వదిలేయండి. 10 మీటర్ల లెక్క తాళంతో ఒకటి, తాళం లేకుండా ఒకటి, ఆయన ఆగిపోయే టైములతో కలిపి ఇక్కడే పెట్టండి, తాళం ఇంకా తగ్గించాలా, కంపనానికి మారాలా అన్నది ఆ అంకెలు చూసి చెప్తాను.